కాపలా కొంగ సింగారం

చలికాలంలో ఒక చెరువులో కొంగలూ గూడబాతులూ నీళ్లలోని తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టుకున్నాయి. వాటికొక కట్టడి ఉంది. కాపలా పక్షి లేచిందంటే, ఎందుకని అడక్కుండా అందరూ లేవాల్సిందే.

ఆ రోజు కాపలా సింగారి అనే పడుచు కొంగది. గట్టు మీద కెమెరాలవాళ్లు చేరారు. పక్షులు ఎగిరితే ఫొటో బాగుంటుందని ఒకడు చప్పట్లు కొట్టాడు. ఉత్త చప్పట్లేనని సింగారికి తెలుసు. అయినా రెక్కలు విప్పుకుని వయ్యారంగా లేచింది. వెంటనే మందంతా లేచింది. ముసలి గూడబాతు నాంచారమ్మ కూడా కట్టడి తప్పకూడదని, ఒక్కగానొక్క గుడ్డును వదిలి లేచింది. తిరిగొచ్చేసరికి గూట్లో పెంకులే ఉన్నాయి. పక్కన కాకి ముక్కు తుడుచుకుంటోంది.

“పోనీలే అత్తా, వచ్చే ఏడు మళ్లీ పెడతావు. ఫొటోలో నా రెక్కలు మాత్రం భలే పడుంటాయి,” అంది సింగారి.

“నా వయసుకి వచ్చే ఏడొకటా? కాపలా కొమ్మ దిగవే. ఇక నేను కూర్చుంటా. నువ్వు లేస్తే నీ వెనక ఈగ కూడా లేవదు,” అంది నాంచారమ్మ.

మర్నాడు మళ్లీ చప్పట్లు మోగాయి. సింగారి ఆగలేక లేచింది. మిగతావన్నీ కాపలా కొమ్మ వైపు చూశాయి. నాంచారమ్మ కదల్లేదు, అవీ కదల్లేదు. “ఒక్క కొంగేగా,” అని గట్టు మీదవాళ్లు కెమెరాలు దించేశారు.

ఈలోగా కాకి, కాపలా కొమ్మ పక్కనే ఉన్న సింగారి గూట్లోని గుడ్డు మీద వాలింది. నాంచారమ్మ కూర్చున్నచోటు నుంచే బారు ముక్కుతో ఒక్కటిచ్చి దాన్ని తరిమింది.

సింగారి రివ్వున వచ్చి, “నీ మేలు మరవను అత్తా,” అంది.

“నీ కోసం కాదు. గుడ్డులో ఉన్నది ఏం పాపం చేసింది?” అని ముసలిది మొహం తిప్పుకుంది. ఆ చలికాలమంతా మళ్లీ దానితో మాట్లాడలేదు.