పుట్టిన ఒడ్డు

“ఒక్కటైనా బతికుందేమో చూడమ్మా,” అంది మాణిక్యాంబ, ఇసక గుంట అంచున చతికిలబడి.

సారిక మోచేతిదాకా గుంటలో చెయ్యి పెట్టి తాబేలు గుడ్లు ఒక్కొక్కటే పైకి తీస్తోంది. రాజమండ్రి కాలేజీలో సముద్రపు తాబేళ్ళ మీద పరిశోధన చేస్తున్న పిల్ల. తెల్లగా ఉండాల్సిన గుడ్లు బూడిదరంగుకు తిరిగి కంపు కొడుతున్నాయి. ఒకదాన్ని చీల్చి చూసింది. లోపల బొటనవేలంత పిల్ల. కళ్ళు వచ్చాయి, కాళ్ళు వచ్చాయి, వీపు మీద డొప్ప కూడా కట్టింది. ప్రాణం మాత్రం లేదు.

“అన్నీ ఇంతేనండి పిన్నిగారూ.”

ఒకటా రెండా, యాభై రోజులు. గుంట చుట్టూ వల కట్టి, కుక్కల్ని తరిమి, నక్కల్ని అదిలించి, అన్నం కూడా ఇక్కడికే తెచ్చుకుని తింటూ కాపలా కాసింది మాణిక్యాంబ. కడుపుతో ఉన్న కోడల్ని కూడా ఎవరూ అంతగా కాచుకోరు.

“కుక్క ముట్టలేదు, నక్క ముట్టలేదు. మరేం మాయరోగం వచ్చిందమ్మా వీటికి?”

సారిక చెయ్యి చాపి చూపించింది. పది బారల దూరంలో, పట్నాల మురుగంతా మోసుకొచ్చే డ్రెయిను నల్లగా నురగలు కక్కుతూ సముద్రంలో కలుస్తోంది.

“ఆ నీళ్ళు ఇసకలోకి దిగిపోయాయండి. ఈ గుడ్డుకి పైన గట్టి పెంకు ఉండదు కదా, ఏముంటే అది లోపలికి పీల్చేసుకుంటుంది.”

“దానికి బుద్ధి లేదా? ఇంత సముద్రం ఉందే, గుడ్లు పెట్టుకోవడానికి ఇంకో ఒడ్డే దొరకలేదా?”

“తాబేలు ఎన్ని దేశాలు తిరిగినా, గుడ్లు పెట్టడానికి మాత్రం తను పుట్టిన ఒడ్డు వెతుక్కుంటూ వస్తుందండి. ఇది పాడైపోయిన సంగతి దానికేం తెలుసు?”

“అయ్యో పిచ్చిదానా,” అని మాణిక్యాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె కూతురు శ్రీదుర్గ కూడా రేపు పురుడికి పుట్టింటికి వస్తోంది. పెళ్ళయిన ఆరేళ్ళకి నిలిచిన కడుపు. ఇప్పుడు ఏడో నెల. ఇంటి దగ్గర చలిమిడికి బియ్యం నానుతున్నాయి. పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి, అత్తారింటి నుంచి పిల్లని తెచ్చుకోవాలి.

సారిక చేతులు కడుక్కోవడానికి మాణిక్యాంబ ఇంటి పక్కనున్న బోరు దగ్గరికి వచ్చింది. మాణిక్యాంబ బోరు కొట్టింది.

“అన్నట్టు పిన్నిగారూ, పోయిన నెల ఈ నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళాను కదండి. నిన్న రిపోర్టు వచ్చింది. ఆ ఇసకలో ఉన్న విషమే ఇందులోనూ ఉందండి. కడుపుతో ఉన్నవాళ్ళయితే అస్సలు తాగకూడదు.”

మాణిక్యాంబ బోరు కొట్టడం ఆపేసింది.

“కాచి చల్లార్చి ఇస్తేనో?”

“కాస్తే పోయేది కాదండి.”

“టిన్ను నీళ్ళు కొంటే?”

“మీ ఊళ్ళో టిన్నులు ఎక్కడ నింపుతారండి?”

ఎక్కడేంటి, రెండిళ్ళ అవతల బోరులోనే. ఫిల్టరూ లేదు, పాడూ లేదు.

“మరేం చెయ్యమంటావమ్మా?”

సారిక చున్నీకి చేతులు తుడుచుకుంది. ఆ పిల్ల తాబేలు గుడ్లయితే తట్టలో పెట్టుకుని ఇంకో ఒడ్డుకి మార్చగలదు గానీ.

సారిక వెళ్ళిపోయాక మాణిక్యాంబ నాలుగుసార్లు ఫోను తీసింది, నాలుగుసార్లు పక్కన పెట్టింది. తొలి పురుడికి పుట్టింటికి రావద్దని కన్నతల్లి ఏ నోటితో చెబుతుంది? చెప్పకపోతే రేపు ఆ నీళ్ళే చేత్తో పట్టి ఇవ్వాలి. చివరికి గుండె రాయి చేసుకుని నంబరు నొక్కింది.

“రేపు నేను రావట్లేదమ్మా. నువ్వక్కడే ఉండు.”

“అదేంటమ్మా? అత్తయ్యగారు చుట్టాలందరికీ చెప్పేశారు. నీకు ఒంట్లో బాలేదా?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఇక్కడి నీళ్ళే బాలేవు. డ్రెయిను మురుగంతా మన బోరులోకి దిగిపోయింది. కడుపులో బిడ్డకి మంచిది కాదంట. మీ అత్తగారు నన్ను నాలుగు మాటలంటే పడతాలే. నువ్వు మాత్రం ఆ టౌనులోనే చల్లగా ఉండు తల్లీ.”

అవతలి నుంచి సన్నగా ఏడుపు వినిపించింది.

“మరి నేనెక్కడికి పోనమ్మా? మా కాలనీ నీళ్ళ వల్లే బిడ్డ ఎదగట్లేదు, పురుడయ్యేదాకా పుట్టింట్లో ఉండమని చెప్పింది డాక్టరుగారే.”