సుద్దగీతకు అవతల

సాయంత్రం ఆరింటికి హోటలు ముందు బల్లలు వేయిస్తుంటే, ఎవరో ముసలాయన వంగి ఫుట్‌పాత్ మీద సుద్దముక్కతో గీత గీస్తున్నాడు.

"ఏంటి పెద్దాయనా, తొక్కుడుబిళ్ళ ఆడతావా?" హోటలు యజమాని నవ్వాడు.

"గీతకి ఇవతల నీ బల్లలు వేసుకో బాబూ. అవతల నడిచేవాళ్ళకి వదిలెయ్."

"వదిలితే నాలుగు బల్లలే పడతాయి."

"నాలుగు చాలవా?"

యజమాని బకెట్టుతో నీళ్ళు తెచ్చి గీత మీద గుమ్మరించాడు.

ముసలాయన తడిసిన చెప్పులు విదిలించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరింటికి మళ్ళీ వచ్చి గీశాడు.

ఊరి నడిబొడ్డున ఉన్నా, ఆ వీధి చాలా ఏళ్ళు చచ్చిపడి ఉంది. పాత దుకాణాలవాళ్ళంతా ఊరి చివరికి తరలిపోయారు. చీకటి పడితే కుక్క కూడా తిరిగేది కాదు. తొమ్మిదేళ్ళ కిందట హోటలు కొన్న యజమాని, తాళం వేసేద్దామని రెండుసార్లు అనుకున్నాడు.

ఈ ఏడాది మునిసిపాలిటీవాళ్ళు దీపాలు పెట్టించి, రాత్రి పదకొండు దాకా వ్యాపారం చేసుకోమన్నారు. పాటల కచేరీలు మొదలయ్యాయి. జనం విరగబడ్డారు. జనంతోపాటే బళ్ళూ వచ్చాయి.

వీధి మొత్తం మీద ఫుట్‌పాత్ ఒక మనిషి పట్టేంతే. ఈ హోటలు ముందు మాత్రం విశాలంగా ఉంటుంది. అది తన అదృష్టం అనుకున్నాడు యజమాని. ఆ స్థలం బల్లలకి ఇప్పించమని దరఖాస్తు కూడా పెట్టాడు.

"ఒక్క వరుస తీసేద్దామండీ," అంది కౌంటర్లో కూర్చునే భార్య. "ఆ పెద్దాయన చెప్పేదాంట్లో తప్పేముంది? ఆడవాళ్ళు పిల్లల్నెత్తుకుని రోడ్డు మీదకి దిగుతున్నారు."

"నువ్వు కౌంటరు చూసుకో."

వారం రోజులు గీయడం, కడగడం అయ్యాయి. ఎనిమిదో రోజు అందరూ తింటూ చూస్తుండగా యజమాని ముసలాయన జబ్బ పట్టుకుని ఫుట్‌పాత్ మీంచి కిందికి నెట్టాడు.

"ఇంకోసారి గీత గీస్తే చేతులు విరగ్గొడతా!"

"విరగ్గొట్టు. ఒక్క వరుస మాత్రం తీసెయ్ బాబూ."

మర్నాడు గీత లేదు.

ముసలాయన వచ్చి, చివరి బల్ల పక్కన, రోడ్డు మీద నిలబడ్డాడు. బల్లలు అడ్డొచ్చి జనం కిందికి దిగినప్పుడల్లా వచ్చే బళ్ళకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి... ఆగండి... పిల్లలున్నారు."

"మీ హోటలుకి ట్రాఫిక్ పోలీసుని కూడా పెట్టారే!" అన్నాడు తింటున్న ఒకాయన.

"అదీ జీతం లేకుండా!" అన్నాడు యజమాని. బల్లల దగ్గర నవ్వులు లేచాయి.

శనివారం కచేరీ. ఇసకేస్తే రాలనంత జనం. యజమాని ఇంకో రెండు బల్లలు వేయించాడు. ఫుట్‌పాత్ పూర్తిగా మూసుకుపోయింది.

ఒకావిడ తల్లిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చింది. ముందుకు దారి లేదు.

"ఉండమ్మా, నేను పడతా," అంటూ ముసలాయన కుర్చీ ముందుభాగం పట్టుకుని మెల్లిగా రోడ్డు మీదకి దించాడు.

అప్పుడే మలుపు తిరిగి ఒక వ్యాను దూసుకొచ్చింది.

ముసలాయన కుర్చీని బలంకొద్దీ బల్లల వైపు తోసేశాడు. తను తప్పుకోలేకపోయాడు.

పళ్ళేలు పగిలిన చప్పుడుకి యజమాని తిట్టుకుంటూ బయటికొచ్చాడు.

అతని భార్య గ్లాసుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తింది. ముసలాయన తల కింద చెయ్యి పెట్టింది. చెయ్యంతా తడి.

"ఆ కుర్చీలో ఆవిడకి..."

"ఏం కాలేదు బాబాయిగారూ. బాగానే ఉంది."

"సరేనమ్మా."

అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు.

పోలీసులు వచ్చేసరికి బల్లలన్నీ లోపలికి చేరాయి.

"ఎవరీయన?" అడిగాడు కానిస్టేబులు.

"తెలీదు సార్. మతి లేని మనిషి. రోజూ వచ్చి రోడ్డు మీద నిలబడేవాడు. ఎంత చెప్పినా వినేవాడు కాదు," అన్నాడు యజమాని.

కానిస్టేబులు అలాగే రాసుకున్నాడు.

భార్య భర్త మొహంలోకి చూసింది. కానిస్టేబులు వైపు ఒకడుగు వేసి, ఆగిపోయి, లోపలికెళ్ళి చెయ్యి కడుక్కుంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

మూడోరోజు బల్లలు మళ్ళీ బయటికొచ్చాయి.

నాలుగోరోజు మునిసిపాలిటీ గుమాస్తా ఫైలు పట్టుకుని వచ్చాడు.

"మీ దరఖాస్తు కుదరదండీ. ఈ స్థలం ఎవరికీ ఇవ్వడానికి లేదు."

"ఎందుకు లేదు? మీదే కదా!"

"మా చేతికి వచ్చింది షరతు మీద. పన్నెండేళ్ళ కిందట ఇక్కడొక దర్జీ కొట్టుండేది. అప్పట్లో ఈ పక్కన ఫుట్‌పాతే లేదు. జనమంతా రోడ్డు మీదే నడిచేవాళ్ళు. అతనికి భోజనం పట్టుకొస్తున్న భార్యని కొట్టు ముందే లారీ గుద్దేసింది. నెల తిరక్కుండా కొట్టు పడగొట్టించి, స్థలమంతా నడిచేవాళ్ళకని రాసిచ్చేశాడు."

"మరి నా బల్లలెక్కడ వేసుకోను?" అన్నాడు యజమాని.

"ఒక మార్గముంది," అన్నాడు గుమాస్తా దస్తావేజు తీసి బల్ల మీద పెడుతూ. "ఆయన ఒప్పుకుంటే షరతు తీసేయొచ్చు. ఎక్కడున్నాడో కనుక్కుని, మీరే వెళ్ళి మంచిగా అడగండి."

భార్య కౌంటర్లోంచి లేచి వచ్చి వంగి చూసింది.

సంతకం పక్కన అంటించిన ఫొటోలో, మెడలో కొలతల టేపుతో, ఆ ముసలాయనే ఉన్నాడు.