కప్పు మీది మాట

లోపలా కాక, వెలుపలా కాక, సరిగ్గా గడప మీదనే తీర్పు చెప్పిన అంతర్వేది లక్ష్మీనృసింహునికి తొలుత మ్రొక్కి, కువైట్‌లో జరిగిన ఈ చిన్న కథ చెబుతున్నాను.

కువైట్ సిటీలోని ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ఒకనాడు ఒక కాగితం బల్ల నుండి బల్లకు తిరిగింది.

స్కాట్లండ్ బ్రిటన్ నుండి విడిపోవాలా వద్దా అని ప్రజలను రెండోసారి ఓటు అడగాలట. అక్కడ పనిచేసే స్కాట్లండ్ వారు రాసుకున్న అర్జీ అది.

యూయన్ అనే యువ ఇంజనీరు దానిని మెక్రే ముందు పెట్టాడు.

మెక్రే కూడా స్కాట్లండ్ వాడే. డ్రాయింగులు సరిచూసే వృద్ధుడు. ఎర్ర కలం చేత లేనిదే ఏ కాగితమూ చదవడు.

అర్జీలో మూడు చోట్ల ఎర్రగా గీశాడు.

"విడిపోయాక చలామణి అయ్యే డబ్బు ఏది? ముసలివాళ్ళ పింఛను ఎవరిస్తారు? ఇంగ్లండ్ సరిహద్దులో మన లారీలు ఎంతసేపు ఆగాలి?"

"అవన్నీ తర్వాత తేల్చుకుందాం."

"గోడ పడగొట్టాక బరువు లెక్క వేస్తావా, యూయన్? తొమ్మిదేళ్ళ కిందట, తరానికి ఒక్కసారే అని చెప్పి అడిగాం. నూటికి యాభై అయిదుగురు వద్దన్నారు. మనకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటామా?"

కాగితం సంతకం లేకుండానే వెనుదిరిగింది.

పక్క బల్ల దగ్గర డ్రాయింగులు గీసే సూర్యకిరణ్‌కు ఒళ్ళు మండింది. అతనిది కోనసీమ. ముత్తాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన వంశం.

"మా ముత్తాత ఆ లండన్ దొరల లాఠీ దెబ్బలు తిన్నారు సార్! ముందు డబ్బు సంగతి తేల్చమని ఆయన అడగలేదు."

"ఆ దొరల్లో మా స్కాట్లండ్ వాళ్ళూ ఉన్నారు కిరణ్," అన్నాడు మెక్రే మెల్లగా. "మీ ఇంట్లో మేమంతా కలిసి చొరబడ్డాం. మాది అలా కాదు. మా అమ్మ పుట్టిల్లే ఇంగ్లండ్."



ఆయన అటు వెళ్ళగానే సూర్యకిరణ్ మార్కర్ అందుకున్నాడు. మెక్రే టీ తాగే తెల్లకప్పు మీద ఇంగ్లీషులో 'ద్రోహి' అని నల్లగా రాశాడు.

టీ కాచే షావలి చూశాడు. అతనిది రాయచోటి.

"ఇదేం పని సూర్యా? పెద్దాయన తాగే కప్పు గదప్పా!"

"నిజమే రాశానండీ బాబూ. సొంత దేశం సొంతంగా బతుకుతానంటే అడ్డుపడేవాణ్ణి మీ రాయచోట్లో ఏమంటారేంటి?"

"ఏమంటారో యాడ తెలుసు నాయనా. పెద్దోళ్ళ కప్పుల మింద మాత్రం రాయరు."

షావలి పీచు తీసుకొని రుద్దబోతుండగా మెక్రే వచ్చాడు. కప్పును అందుకొని ఆ మాట చదివాడు.

"ఖల్లీ, షావలీ," అన్నాడు, వదిలేయమని.

నాటి నుండి ఆయన ఆ కప్పులోనే టీ తాగాడు.

ప్రతి గురువారం భోజనవేళ ఆయన స్కాట్లండ్‌లోని తమ్ముడికి ఫోను చేసేవాడు. గంట మోగి మోగి ఆగిపోయేది. తొమ్మిదేళ్ళుగా అంతే.

"నెలాఖరుకు నేనిక్కడ ఉండే ఇఖామా గడువు అయిపోతుంది షావలీ. వాడు ఒక్కసారి ఎత్తితే చాలు. ఇంటికి టికెట్ కొనుక్కుంటాను."

"ఎత్తకుంటే ఎట్ల సార్?"

మెక్రే మిగిలిన టీ తాగి, కప్పును షావలి చేతికిచ్చాడు.

"ద్రోహి ఫోను ఎవరెత్తుతారండీ భాయ్?" అన్నాడు సూర్యకిరణ్, తెలుగులో.

నెలలో చివరి గురువారం మెక్రే ఆఫీసుకు రాలేదు. అబూ హలీఫా పేటలోని తన గదిలో, నిద్రలోనే గుండె ఆగిపోయింది.

అయినవారికి కబురు చెప్పే పని సూర్యకిరణ్ మీద పడింది. మెక్రే డైరీలో ఉన్నది ఒకే ఒక్క నంబరు. తన ఫోను నుండి కలిపాడు.

తెలియని నంబరు కాబోలు, రెండో గంటకే ఎత్తారు.

"ఎవరు?" ముసలి గొంతు.

"కువైట్ నుండి సార్. మెక్రే గారి ఆఫీసు. మీ అన్నగారు... ఈ ఉదయం పోయారు."



సూర్యకిరణ్ ఉండబట్టలేకపోయాడు. "ఒక్కసారి ఎత్తి ఉంటే ఇంటికి వచ్చేవారు సార్. విడిపోవద్దన్నంత మాత్రాన సొంత అన్నను..."

"వాడు వద్దన్నాడా?" అన్నాడు ఆ తమ్ముడు. "వద్దన్నది నేను బాబూ. ముందు డబ్బు, పింఛను సంగతి తేల్చమన్నాను. విడిపోదామని జెండా పట్టి, మా ఊళ్ళో ఇంటింటి తలుపూ తట్టింది వాడు."

సూర్యకిరణ్ ఫోనును చెవికి అదిమి పట్టుకున్నాడు.

"ఓడిపోయిన మర్నాడు నా తలుపు మీద నల్లరంగుతో ఒక మాట రాసి, దేశం విడిచి వెళ్ళిపోయాడు. నేను చెరపలేదు. ఫోనులో ఏడిస్తే నాకేం లాభం? వాడే వచ్చి, వాడి చేత్తోనే చెరపాలని తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను."

"ఏం రాశారు సార్?"

ఆయన చెప్పాడు.

షావలి రాత చెరగకుండా కడిగి బోర్లించిన తెల్లకప్పు మీద, సూర్యకిరణ్ చేతిరాతలో, ఆ మాటే ఉంది.

ఈ కథ విన్నవారందరి గడపలను ఆ గడప మీది స్వామి కాచుగాక. రాసిన చెయ్యి తిరిగివచ్చి చెరిపేదాకా, రాసినవారికీ ఆ మాట పడినవారికీ ఆయువు పోయుగాక.