ఏడో వారం లెక్క

"మళ్లీ సున్నానా?"

పాల్‌రాజు ఫోను చెవికి అదుముకున్నాడు. అవతల, పశ్చిమ ఆఫ్రికా గడ్డిమైదానంలో ఉన్న కరీముల్లా గొంతు గరగరలాడింది.

"అవును సార్. ఇరవై బోన్లూ చూసినా. ఈగ జాడే ల్యా."

"ఆరు వారాలుగా ఇదే పాటా? పోయినేడాది వందల్లో దొరికాయి కదయ్యా! అన్నీ కట్టగట్టుకుని ఎక్కడికి పోయాయంట?"

"ఏమో సార్. ఉన్నమాటే చెప్తాండా."

పాల్‌రాజుకు నమ్మబుద్ధి కాలేదు. సెట్సీ ఈగలు కుట్టి అక్కడి పశువులు చిక్కి చస్తున్నాయనే కదా, గల్ఫులో సాల్మియా ఊళ్లోని ఈ ఆఫీసు కరీముల్లాను పంపింది! నీలిగుడ్డ బోన్లు కట్టి, పడ్డ ఈగలను వారం వారం లెక్కపెట్టడమే అతని పని. ఆ లెక్కలు రాసుకునే కుర్చీలోకి పాల్‌రాజు వచ్చి రెండు నెలలే అయింది. అంతకుముందు పదేళ్లు సులైబియా గోదాములో సరుకు చూశాడు. అక్కడ సరుకుల అర ఖాళీగా కనిపిస్తే ఎవడో చేతివాటం చూపించాడనే అర్థం.

ఫోటో పెట్టమంటే ఖాళీ బోను ఫోటో పెడతాడు. వీడియోలో చూపించమంటే సిగ్నల్ లేదంటాడు. చెట్టుకింద గుర్రుపెట్టి, లేచాక సున్నాలు చుడుతున్నాడు, సందేహం లేదు.

"ఇదిగో కరీముల్లా, ఈ ఒక్క వారమే చూస్తాను. మళ్లీ సున్నా వచ్చిందా, నీ పని ఖలాస్. రాయచోటికి టిక్కెట్టు కొనేస్తా!"

"అట్లనొద్దు సార్. బిడ్డ నర్సింగు సదువు సగంలో ఉండాది."

ఏడో వారం లెక్క వచ్చింది. పదకొండు ఈగలు!

పాల్‌రాజు తొడ చరుచుకున్నాడు. దెబ్బకు దెయ్యం వదిలింది! కాగితం తీసుకుని సర్వే అధిపతి డాక్టర్ షబ్నమ్ గదికి పరుగెత్తాడు.

ఆవిడ ముఖం వాడిపోయింది. "పదకొండా? ఈ వారమూ సున్నా అయితే ఈగలు పూర్తిగా పోయాయని ప్రకటిద్దామనుకున్నాం. రెండేళ్లు మందు కొట్టింది అందుకే కదా! ఊళ్లు వదిలిపోయిన కాపరులు మందలతో కాచుకుని ఉన్నారు. ఇంకో ఏడాది వాళ్లను రానివ్వలేం."

"నేను గట్టిగా అడగబట్టి బయటపడిందండీ. లేకపోతే ఆ సున్నాలు నమ్మి మందలన్నీ చచ్చుండేవి."

"నిజమే పాల్‌రాజు గారూ. మంచిపని చేశారు."

ఛాతీ ఉబ్బింది పాల్‌రాజుకు. పాపం, మరీ కటువుగా తిట్టానేమో అని కూడా అనిపించింది. కుర్చీలో కూర్చోకుండానే ఫోను కలిపాడు.

"శభాష్ కరీముల్లా! ఇంతకీ ఆ పదకొండూ ఏ బోనులో దొరికాయయ్యా?"



"ఏ బోన్లోనూ పడల్యా సార్. టిక్కెట్టు కొంటానంటిరి గదా, నేనే రాసినా."