మూడుకి లొంగని సంఖ్య

రెండు వందల అంకెల ప్రధాన సంఖ్య అది. ఒకటీ, ఆ సంఖ్యా తప్ప ఇంకేదీ దాన్ని నిశ్శేషంగా భాగించలేదు. పొగరంటే అదీ అనుకుంటూ, ప్రూఫ్‌రీడర్ అర్ధరాత్రి ఖాళీ ప్రెస్సులో ఒక్కో అంకె పైకి చదువుతోంది. నిరుడు పోయేదాకా నాన్న ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టేవాడు.

"...నాలుగు, ఒకటి."

"తొమ్మిదమ్మా," అంది ఎదుటి కుర్చీలోంచి ఒక గొంతు.

ఆమె గుండె ఝల్లుమంది. పుస్తకం రాసిన ప్రొఫెసర్ రాతప్రతిలోనూ ‘ఒకటి’ అనే ఉంది. అంకెలన్నీ కూడింది. మొత్తాన్ని మూడు భాగించేసింది. అంటే సంఖ్యనూ భాగించేస్తుంది, ఇక అది ప్రధాన సంఖ్యే కాదు! ఒకటి కొట్టేసి తొమ్మిది వేసి, మళ్లీ కూడింది. ఈసారి మూడుకి లొంగలేదు.

"గట్టి పిండమే నాన్నా!" అంది, భయం మరిచి.

"ఊఁ. తర్వాత?"

ఆమె తల ఎత్తలేదు. తర్వాతి అంకె చదివింది.