ఈల పన్ను

"ఈ పన్ను తీసేసి, పాతదాన్లా చేసిపెట్టండి డాక్టరుగారూ."

రాజేంద్ర జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. అందులో అతను రెండు నెలలు వాడిన తాత్కాలికపు పన్ను ఉంది. దవడలో బిగించిన ఇంప్లాంట్ మీద అసలు పన్ను మొన్ననే కూర్చోబెట్టారు.

అమలాపురంలో పదిహేనేళ్ళుగా పళ్ళు కడుతున్న సూర్యప్రకాశరావుకి ఇలాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు.

"దాని పక్కన సందు ఉండిపోయిందండీ. 'స' అంటే ఈల వచ్చేది. అంబాజీపేట మార్కెట్లో అందరూ ఈలరాజు అంటున్నారని మీరే గోలపెట్టేరు కదా?"

"ఆయ్. ఇప్పుడా ఈలే కావాలండి."

"దీనికేం తక్కువ? రంగు కలిసింది, కొరుకుడు కుదిరింది."

"చప్పుడు కుదరలేదండి. కొబ్బరికాయ ఎంత నిగనిగలాడినా మేం చెవి దగ్గర ఆడించి చూస్తాం. చప్పుడు తేడా వస్తే సరుకు తిరిగొచ్చేస్తుంది. నిన్న ఫోన్లో మాట్లాడితే, రోజూ మాట్లాడేవాళ్ళే ఎవరండీ మీరని పెట్టేసేరు."

డాక్టరు నవ్వాడు. "మీ అన్నయ్య సతీష్‌కి పుట్టుసందు, ఇదే ఈల. మస్కట్ వెళ్ళేముందు మూసేస్తానంటే, మా ఆవిడకి ఇలాగే ఇష్టమండీ అని పారిపోయేడు. ఎప్పుడొస్తున్నాడేంటి?"

"నెలాఖరుకండి. వదినకి అప్పటికి పురుడైపోతుంది. బీపీ ఎక్కువుందని రాజోల్లో పుట్టింటివాళ్ళు మంచం దిగనివ్వట్లేదు."

డాక్టరు పాత పన్ను పక్కనే పెట్టుకుని, చూసి చూసి కొత్తదాని అంచు అరగదీశాడు. నిక్షేపంలాంటి పన్ను పాడుచేస్తున్నందుకు చేయి ఆడలేదు.

"సరే... సీసా... సంత..." రాజేంద్ర అని చూసుకున్నాడు. "ఇంకొంచెం అండి."

మూడోసారికి సన్నగా ఈల పలికింది. అతను నవ్వలేదు. సెల్ తీసి నంబరు నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు.

"సత్యా... నేను, సతీష్‌ని. నిన్న లైను బాగోలేదే... మందులు వేసుకున్నావా?... ఏడుపెందుకు? వచ్చేస్తాను కదా... ఊఁ, పేరు నేనొచ్చేకే పెడదాం."

డాక్టరు చేతిలో పరికరం బల్ల మీద పెట్టేశాడు.

రాజేంద్ర సెల్ జేబులో పెట్టుకుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నెలాఖరుకి అన్నయ్యని పెట్టెలో పంపుతారంటండి. అప్పుడు ఈ సందు మూసేద్దురుగాని."