గుర్తుమాట లేని ఫోను

ఫోనులో కన్నతల్లి గొంతు వినిపించినా ముందే అనుకున్న గుర్తుమాట అడిగాకే జనం మాట్లాడే రోజులవి. ఎవరి గొంతునైనా యంత్రాలు అచ్చు గుద్దినట్టు పలుకుతున్నాయి. నిరుడు వరదల్లో అలాంటి దొంగ గొంతును నమ్మి, మందులతో వెళ్లిన సహాయ పడవ తిరిగి రాలేదు. అందులో ఇద్దరు కార్యకర్తలున్నారు. అప్పటినుంచి అమలాపురంలో కార్యకర్తలకు శిక్షణనిచ్చే సువార్త మొదటి పాఠం ఒక్కటే. గుర్తుమాట చెప్పకపోతే పడవ కదలకూడదు.

ఈసారి గోదావరి పొంగిన రెండోనాడు, ఆమె శిష్యుడు నూకరాజు ఒక లంక నుంచి ఫోన్ చేశాడు.

"మేడమ్, బడి డాబా మీద తొమ్మిదిమందిమి ఉన్నామండి. నీళ్లు పైకొచ్చేత్తన్నాయండి."

"గుర్తుమాట చెప్పు రాజూ."

"భయానికి మర్చిపోయానండి. ఇంకేదన్నా అడగండి."

ఇంకేదడిగినా యంత్రం కూడా చెప్పేస్తుంది. సువార్త ఫోన్ పెట్టేసింది. గదిలో శిక్షణకొచ్చినవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు. ఎవరినీ రావద్దని చెప్పి, తనొక్కతే పడవ తీసుకుని వెళ్లింది.

డాబా మీద నిజంగానే తొమ్మిదిమంది ఉన్నారు. రెండు విడతల్లో అందరినీ ఒడ్డుకు చేర్చింది.

వారం తర్వాత క్లాసులో మళ్లీ అదే పాఠం చెబుతుంటే రత్నకుమారి అనే అమ్మాయి లేచింది.

"మరి మీరెళ్లారు కదండీ?"

"వెళ్లాను. అది తప్పు."

"వెళ్లకపోతే వాళ్లు చచ్చిపోయేవోరు కదండీ?"

సువార్త బోర్డు వైపు తిరిగి, గుర్తుమాట చెప్పకపోతే పడవ కదలకూడదని మళ్లీ రాసింది.

నెల తిరక్కుండా గోదావరి మళ్లీ పొంగింది. గుర్తుమాట లేని ఫోను ఇంకోటి వచ్చింది. సువార్త రేవుకు పరిగెత్తేసరికే రత్నకుమారి పడవ తాడు విప్పుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులైంది. సువార్త ఇంకా రేవులోనే ఉంది.